గీతా ప్రెస్: చవక ధర తెచ్చిన పెద్దరికం

గీతా ప్రెస్ పుస్తకం మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు ధర చూస్తారు. తర్వాత పుస్తకం మందం చూసి, సరిగానే చదివామా అని మళ్లీ ధర చూస్తారు. గట్టి అట్ట, దారపు కుట్టు, మధ్యలో రంగుల బొమ్మలు, వందల పేజీలు. అంత లావు నవల కొనాలంటే బయట దానికి రెండు మూడు రెట్లు పెట్టాలి. ఎవరో సేట్లు విరాళాలిస్తారని కొందరు, గవర్నమెంటు సాయం ఉంటుందని కొందరు దీనికి కారణం చెప్పేస్తుంటారు. ఆ రెండూ సరికాదు. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పుర్ నుంచి హిందూ ధార్మిక గ్రంథాలు ప్రచురించే ఈ సంస్థ విరాళాలు అడగదు, తన పత్రికల్లో బయటి ప్రకటనలు వేయదు. అయినా 2023లో నూరేళ్లు నిండేనాటికి 14 భాషల్లో 41.7 కోట్ల పుస్తకాలు అచ్చువేసింది. అందులో 16.21 కోట్లు ఒక్క భగవద్గీత ప్రతులే.

ఈ అంకెలు చూసి భక్తితో మెచ్చుకుని వదిలేసేవాళ్లున్నారు. రాజకీయంగా అనుమానించి వదిలేసేవాళ్లూ ఉన్నారు. ధర ఎలా తగ్గింది, తగ్గిన ధర మన చదువును ఏం చేసింది అన్న రెండు ప్రశ్నలనూ కలిపి చూస్తే తప్ప గీతా ప్రెస్ అర్థం కాదు. అందరికన్నా తక్కువ ధరకు, అందరికన్నా ఎక్కువ చోట్ల దొరికే ప్రతి ఏదో, జనం దృష్టిలో అసలు గ్రంథం అదే అయిపోతుంది. రాతప్రతులు పోల్చి తప్పులు దిద్దిన పండితుల పరిష్కరణలు ఎంత గొప్పవైనా ఆ స్థానం వాటికి దక్కదు.

మొదట్లో బాధ ధర గురించి మాత్రమే కాదు, అచ్చుతప్పుల గురించి కూడా. రాజస్థాన్‌లోని చూరూలో 1885లో పుట్టిన జయదయాల్ గోయందకా బెంగాల్‌లోని బాంకురాలో వ్యాపారం చేసేవారు. సరుకు పని మీద ఏ ఊరెళ్లినా అక్కడి మార్వాడీ వ్యాపారులను కూర్చోబెట్టి గీత మీద సత్సంగం పెట్టేవారు. అందరికీ ఆయన సేఠ్‌జీ. వినడానికి వచ్చినవాళ్ల చేతిలో పెడదామంటే తప్పుల్లేని గీత ప్రతి, అదీ చవకగా, దొరికేది కాదు. కలకత్తాలో ఒక ప్రెస్సులో అచ్చువేయిస్తే తప్పులు దిద్దడానికి మాటిమాటికీ మిషను ఆపించాల్సి వచ్చిందనీ, విసిగిపోయిన యజమాని అంత శుద్ధంగా కావాలంటే సొంత ప్రెస్సే పెట్టుకోమన్నాడనీ సంస్థ చరిత్రలో చెప్పుకుంటారు. గోరఖ్‌పుర్‌లో వ్యాపారం చేసే సత్సంగ మిత్రుడు ఘనశ్యామ్ దాస్ జాలాన్ ఆ భారం నెత్తికెత్తుకున్నారు. అలా 1923లో అక్కడ ఒక అద్దె ఇంట్లో, ఒక చిన్న ముద్రణ యంత్రంతో పని మొదలైంది. చట్టపరంగా గీతా ప్రెస్ విడి కంపెనీ కాదు. కలకత్తాలోని గోవింద్ భవన్ కార్యాలయం అనే రిజిస్టర్డ్ సొసైటీలో అది ఒక విభాగం, ఇప్పటికీ.

పెట్టినవాళ్లు వ్యాపారులు కావడం ఇక్కడ చిన్న విషయం కాదు. సరుకు ఎంత కొనాలి, ఎక్కడ దించాలి, ఎక్కడ పైసా మిగులుతుంది, ఎక్కడ వృథా పోతుంది అన్నవి వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఆ తెలివిని లాభం కోసం కాకుండా ధర తగ్గించడం కోసం వాడారు. భక్తి ఉన్న ప్రచురణకర్తలు మన దేశంలో ఎప్పుడూ ఉన్నారు, వాళ్లలో చాలామంది అప్పుల్లో మునిగి మూతపడ్డారు. ఇది నూరేళ్లు నిలబడింది.

పుస్తకం ధరలో ఏమేం ఉంటాయో విడదీస్తే కిటుకు తెలుస్తుంది. రచయితకు ఇచ్చే రాయల్టీ ఒకటి. వ్యాసుడికీ వాల్మీకికీ తులసీదాసుకూ రాయల్టీ ఉండదు. సంస్థ సొంత వ్యాఖ్యానాలు రాసిన గోయందకా కూడా డబ్బు కోసం రాయలేదు. రెండోది పంపిణీ ఖర్చు. మామూలు పుస్తకం ధరలో మూడో వంతుకు పైనే పంపిణీదారుకూ దుకాణానికీ పోతుంది. గీతా ప్రెస్ ఊళ్లలో సొంత దుకాణాలు, రైల్వే స్టేషన్లలో స్టాళ్లు పెట్టుకుని ఆ వాటాను బాగా తగ్గించింది. మూడోది అమ్ముడుపోక మిగిలిపోయే స్టాకు. కొత్త నవల రెండేళ్లలో పాతబడుతుంది. విష్ణు సహస్రనామం పాతబడదు. ఈ ఏడు మిగిలితే వచ్చే ఏడు అమ్ముడవుతుంది.

లోపలి ముద్రణ వివరాల పేజీ చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. చాలా ప్రచురణ సంస్థలు అక్కడ సంవత్సరం వేసి ఊరుకుంటాయి. గీతా ప్రెస్ హిందీ పుస్తకాల్లో విక్రమ సంవత్సరం, ఇది ఎన్నో పునర్ముద్రణ, ఈ విడతలో ఎన్ని ప్రతులు, ఇప్పటిదాకా మొత్తం ఎన్ని ప్రతులు అన్నీ వరసగా ఉంటాయి. పేరున్న పుస్తకమైతే ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది. అట్ట మీద కోడ్ నంబరు ఉంటుంది. దుకాణంలో పేరు చెప్పకపోయినా నంబరు చెబితే చాలు, పుస్తకం తీసిస్తారు. ఒకసారి అక్షరాలు కూర్చి, ప్రూఫులు చూసిన పుస్తకాన్ని దశాబ్దాల తరబడి అదే రూపంలో మళ్లీ మళ్లీ అచ్చువేస్తే మొదటి ఖర్చు లక్షల ప్రతుల మీద పంచుకుపోయి దాదాపు మాయమవుతుంది. మిగిలేది కాగితం, సిరా, బైండింగు, జీతాలు. ఆ ఖర్చుకు కూడా ధర సరిపోని పుస్తకాలు కొన్ని ఉంటాయి. ఆ లోటును సొసైటీకి చెందిన బట్టల దుకాణం, ఋషీకేశ్‌లోని ఆయుర్వేద మందుల తయారీ వంటి విభాగాల మిగులుతో పూడుస్తామని సంస్థ చెబుతుంది.

ఇందులో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది కాగితం. ముద్రిత పుస్తకం మీద జీఎస్‌టీ లేదు, కాగితం మీద ఉంది. అమ్మకం మీద పన్ను లేనప్పుడు, కొనుగోలు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. లాభం పెట్టుకునే ప్రచురణకర్త దాన్ని ధరలో కలిపేస్తాడు. ధర పెంచనన్న సంస్థ తానే మోయాలి. చవక పుస్తకం అందరికీ అందాలని కోరుకునే ప్రభుత్వాలు బహుమతులివ్వడం కన్నా ముందు ఈ లెక్క సరిచేస్తే గీతా ప్రెస్‌కే కాదు, తెలుగులో పుస్తకాలు వేసే చిన్న సంస్థలన్నిటికీ మేలు జరుగుతుంది.

సంస్థకు గొంతు ఇచ్చింది మాత్రం 'కల్యాణ్' మాసపత్రిక. 1926లో బొంబాయి నుంచి మొదలై, ఏడాది తర్వాత గోరఖ్‌పుర్‌కు మారింది. సంపాదకుడు హనుమాన్ ప్రసాద్ పోద్దార్, అందరూ పిలిచే పేరు భాయీజీ. కుర్రతనంలో బెంగాల్ విప్లవకారులతో తిరిగి, బ్రిటిష్ వాళ్ల నిర్బంధంలో ఉండి వచ్చిన మనిషి. 1971లో చనిపోయేదాకా ఆ పత్రికను నడిపారు. ప్రకటనలు వేయొద్దు, పుస్తక సమీక్షలు వేయొద్దు అని గాంధీ ఇచ్చిన సలహాను కల్యాణ్ ఇప్పటికీ పాటిస్తోంది. ప్రకటన తీసుకుంటే ప్రకటనకర్తకు లొంగాలి, సమీక్ష వేస్తే మొహమాటాలకు లొంగాలి. పత్రిక నడిపిన అనుభవంతో గాంధీ చెప్పిన మాట అది. ఏటా జనవరిలో వచ్చే ప్రత్యేక సంచిక ఒక పెద్ద పుస్తకమంత ఉంటుంది. చాలా ఏళ్లు ఒక్కో పురాణాన్ని సంక్షిప్తంగా హిందీలో అందులో వేయడంతో, సంస్కృతం రాని ఇళ్లలోకి పురాణాలు పోస్టులో వెళ్లాయి. చందా కట్టిన పల్లెటూరి ఉపాధ్యాయుడి అల్మారాలో పదిహేనేళ్లలో ఒక పురాణ గ్రంథాలయం తయారైపోయేది. ఇంగ్లీషు చదువరుల కోసం 1934లో 'కల్యాణ కల్పతరు' మొదలైంది.

ఇక ఆ ధర చేసిన పని సంగతి. తులసీదాసు రామచరితమానసానికి ఉత్తరాదిన ఎన్నో రాతప్రతులు, మాటల్లో తేడాలున్న ఎన్నో పాఠాలు ఉండేవి. 1938లో కల్యాణ్ మానస సంచిక వచ్చాక, ఆ పాఠమే చిన్నా పెద్దా సైజుల్లో, అర్థంతోనూ అర్థం లేకుండానూ ఊరూరికీ వెళ్లింది. కాశీ పండితులు శ్రమపడి చేసిన పరిష్కృత ప్రతులు పరిశోధకుల దగ్గర ఉండిపోయాయి. నలుగురు కూర్చుని పారాయణ చేయాలంటే నలుగురి చేతిలోనూ ఒకే పాఠం, ఒకే పేజీ ఉండాలి. ఆ సౌకర్యం గీతా ప్రెస్ ప్రతి ఒక్కటే ఇచ్చింది. 2024 జనవరిలో అయోధ్య ప్రాణప్రతిష్ఠ రోజుల్లో మానసానికి గిరాకీ ఒక్కసారి పెరిగి స్టాకు చాలలేదు. కొన్నాళ్లు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే వీలు కల్పించారు.

మహాభారతం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది, పైగా దానికి మనతో సంబంధం ఉంది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919 నుంచి 1966 వరకు దేశంలోని రాతప్రతులు పోల్చి విమర్శనాత్మక పరిష్కరణ తెచ్చింది. కొన్ని ప్రాంతాల ప్రతుల్లో మాత్రమే ఉన్న భాగాలను ప్రధాన పాఠంలోంచి తీసి అనుబంధాల్లో పెట్టింది. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడన్న కథ కూడా అలా అనుబంధంలోకి వెళ్లింది. గీతా ప్రెస్ సరిగ్గా ఎదురు దారి పట్టింది. ఉత్తరాదిన నీలకంఠుడనే పండితుడి వ్యాఖ్యతో ప్రచారంలో ఉన్న పాఠాన్ని ఆధారంగా తీసుకుని, దక్షిణాది ప్రతుల్లో అదనంగా ఉన్న శ్లోకాలను 'దాక్షిణాత్య పాఠం' అని గుర్తు పెట్టి మరీ కలిపింది. దక్షిణాది భారత పాఠాన్ని శాస్త్రీయంగా పరిష్కరించి 1930ల్లో అచ్చువేసింది మరెవరో కాదు, మద్రాసులోని మన తెలుగు ప్రచురణ సంస్థ వావిళ్ల వారే. పరిష్కర్త పి.పి.ఎస్. శాస్త్రి.

పరిశోధనకు పుణె ప్రతి కావాలి, అందులో సందేహం లేదు. కానీ తాత దగ్గర విన్న కథ పుస్తకంలో కనిపించకపోతే మామూలు చదువరి ఆ పుస్తకాన్ని నమ్మడు. గీతా ప్రెస్ దేన్నీ వదల్లేదు, ఏది ఎక్కడిదో చెప్పింది. పాఠం విషయంలో ఆ నిజాయితీకి దండం పెట్టాలి. ఇదే నిజాయితీ అర్థం దగ్గరికి వచ్చేసరికి కనిపించదన్నదే దిగులు.

గీతలో శ్లోకం కింద ఉండే తాత్పర్యం చాలాచోట్ల గోయందకా అవగాహన. నిష్కామ కర్మకు, భక్తికి ఆయన ఇచ్చిన ప్రాధాన్యం చాలామందికి మేలే చేసింది. దాంతోపాటే పుట్టుకను బట్టి వర్ణం, వర్ణాన్ని బట్టి ధర్మం అన్న అవగాహన కూడా పుస్తకంతో ఇంటికొచ్చింది. శంకరుడు ఒకలా, రామానుజుడు ఒకలా, తిలక్ ఒకలా, గాంధీ ఇంకోలా చెప్పిన గ్రంథం గీత. చవక ప్రతి ఒక్కటే చదివినవాళ్లకు ఇన్ని దారులు ఉన్నాయనే తెలియదు. దక్షిణాది శ్లోకానికి గుర్తు పెట్టిన సంస్థ, 'ఇది ఒక వ్యాఖ్యాత అభిప్రాయం' అన్న గుర్తు తాత్పర్యానికి పెట్టలేదు. స్త్రీల కర్తవ్యాల గురించి వేసిన చిన్న పుస్తకాల్లో ఈ ఇబ్బంది ఇంకా పెద్దది. భర్త ఏం చేసినా సహించడమే ధర్మమన్న ధోరణిలో రాసిన మాటలు, గీత ఉన్న బల్ల మీదే, అదే ముద్రతో అమ్ముడవుతాయి. శాస్త్రానికీ సలహాకూ తేడా చదువరికి తెలిసేదెలా?

రాజకీయ చరిత్ర కూడా దాచాల్సింది కాదు. గాంధీని పోద్దార్ ఎంతో గౌరవించారు. కల్యాణ్‌లో గాంధీ రాశారు. అయినా 1932 తర్వాత దళితుల ఆలయ ప్రవేశం, సహపంక్తి భోజనాల విషయంలో పోద్దార్ గాంధీతో విభేదించారు. హిందూ కోడ్ బిల్లును కల్యాణ్ గట్టిగా వ్యతిరేకించింది. ఆడపిల్లకు ఆస్తి హక్కు, విడాకుల హక్కు ఇచ్చే చట్టాలవి. 2021 సంవత్సరపు గాంధీ శాంతి బహుమతిని 2023లో గీతా ప్రెస్‌కు ప్రకటించినప్పుడు వచ్చిన గొడవకు మూలం ఇదే. కాంగ్రెస్ విమర్శించింది, కేంద్రం సమర్థించుకుంది. సంస్థ మాత్రం ప్రశంసాపత్రం తీసుకుని కోటి రూపాయల నగదు వద్దంది. విరాళం తీసుకోకూడదన్న నియమాన్ని అంత పెద్ద మొత్తం దగ్గర కూడా తప్పకపోవడం గొప్ప విషయమే. దానికి మెచ్చుకోవాలి. అయితే ఆలయ ప్రవేశం మీద ఆ పత్రిక రాసిన రాతలకు ఆ త్యాగం జవాబు కాదు.

2014 చివర్లోనూ 2015లోనూ జీతాల గురించి కార్మికులకూ యాజమాన్యానికీ గొడవ వచ్చి ముద్రణ ఆగింది. వెంటనే 'గీతా ప్రెస్ మూతపడుతోంది, విరాళాలు పంపండి' అన్న మెసేజీలు దేశమంతా తిరిగాయి. డబ్బు కొరత లేదనీ విరాళాలు వద్దనీ సంస్థ చెప్పాల్సి వచ్చింది. పుస్తకం ధర తగ్గించాలన్న పట్టుదల మంచిదే కానీ, ఆ భారంలో కొంత బైండింగు దగ్గర కూర్చునే మనిషి జీతం మీద పడకూడదు. సేవ చేయాలన్న సంకల్పం యాజమాన్యానిది, నెల తిరిగేసరికి ఇంటద్దె కట్టాల్సింది కార్మికుడు.

తెలుగువాళ్ల అనుభవం ఉత్తరాది కన్నా వేరు. మనకు 1854లోనే వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో ముద్రణ మొదలుపెట్టారు. సంస్కృత గ్రంథాన్ని తెలుగు లిపిలో, టీకా తాత్పర్యాలతో, తప్పుల్లేకుండా వేసిన ఆ సంస్థ పేరే ఒక హామీ. 'వావిళ్ల ప్రతిలో ఎలా ఉంది?' అని అడిగితే పండితుల వాదం తేలిపోయేది. ఆ పెద్దరికం పరిష్కర్తల పాండిత్యం వల్ల వచ్చింది. తర్వాత వ్రతకల్పాలు, స్తోత్రాలు, శతకాలు రాజమండ్రి వంటి ఊళ్ల నుంచి చవకగా వచ్చి గుడి బయట కొట్లను నింపాయి. వాటి వల్ల స్తోత్రం లేని ఇల్లు లేకుండా పోయింది కానీ, చవక ముద్రణల్లో థ-ధలు తారుమారు కావడం, విసర్గలు ఎగిరిపోవడం మామూలైంది. సహస్రనామంలో ఒత్తు పోతే పేరే మారిపోతుంది. వావిళ్ల శుద్ధత, గుడి బయట కొట్టు ధర రెండూ ఒకేచోట కావాలనుకున్న చదువరికి గీతా ప్రెస్ తెలుగు పుస్తకాలు దొరికాయి. గీత, వాల్మీకి రామాయణం, తులసీ మానసం, సహస్రనామాలు అన్నీ తెలుగు లిపిలో, తెలుగు తాత్పర్యంతో వచ్చాయి. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో దుకాణం, సికింద్రాబాద్, విజయవాడ స్టేషన్లలో స్టాళ్లు పెట్టారు. షష్టిపూర్తికి వచ్చినవాళ్లకు తాంబూలంతో పాటు గీత పంచడం, తండ్రి పన్నెండో రోజున బంధువులకు తలా ఒక పుస్తకం ఇవ్వడం మధ్యతరగతి ఇళ్లకు అందుబాటులోకి వచ్చింది ఈ ధర వల్లే.

గీత విషయంలో మనం మొదట చెవితో నేర్చుకున్నవాళ్లం. ఘంటసాల గొంతులో విన్న శ్లోకాలే చాలామందికి గీత. అవి ఎంపిక చేసిన కొన్ని శ్లోకాలు మాత్రమే. ఏడు వందల శ్లోకాలూ ఒక్కచోట చూసుకోవాలంటే చిన్న గీత చేతిలో ఉండాలి. వ్యాఖ్యానం దగ్గర కూడా తెలుగువాళ్లకు ఒకే దారి లేకపోవడం అదృష్టం. శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమం నుంచి విద్యాప్రకాశానందగిరి స్వామి రాసిన 'గీతామకరందం' తరతరాలుగా మన ఇళ్లలో ఉంది, తెలుగులోనే ఆలోచించి రాసిన పుస్తకం అది. గోయందకా వ్యాఖ్య హిందీ నుంచి వచ్చిన తెలుగు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏ ఒక్క అధ్యాయం చదివినా వ్యాఖ్యాత మారితే గీత ఎంత మారుతుందో తెలుస్తుంది.

తెలుగులో ఇప్పుడున్న కొరత గీతకు కాదు, మన సొంత కావ్యాలకు. తిరుమల తిరుపతి దేవస్థానం కవిత్రయ భారతాన్ని వ్యాఖ్యానంతో 15 సంపుటాలుగా తెచ్చింది, పోతన భాగవతాన్నీ తక్కువ ధరకు ఇచ్చింది. పండితులు చేసిన మంచి పని, పరిష్కరణలో వంక పెట్టడానికి లేదు. అయితే స్టాకు అయిపోతే మళ్లీ అచ్చు ఎప్పుడో తెలియదు. గీతా ప్రెస్ బలం పరిష్కరణలో కన్నా పునర్ముద్రణ ఆగకపోవడంలో ఉంది. హుండీ ఆదాయం ఉన్న దేవస్థానానికి కాగితం డబ్బు సమస్య కాదు. కావలసిందల్లా నన్నయ ఆదిపర్వాన్ని ఒక్క సంపుటంగా, పదవిభాగంతో, చేతిలో పట్టే సైజులో వేసి, అది ఏ నెలలోనూ అయిపోకుండా చూసి, విజయవాడ ప్లాట్‌ఫారం మీద గీతా ప్రెస్ మానసం పక్కనే దొరికేలా చేయడం.